సాలెపురుగు పట్టించుకోని ఇల్లు

ఇంట్లో సాలెపురుగు కనిపిస్తే మనం ముందు వెతికేది బూజుకర్ర. అలాంటి సాలెపురుగుని హీరోగా పెట్టి 2009లో ఐఫోన్ కోసం ఒక ఆట వచ్చింది. పేరు 'స్పైడర్: ది సీక్రెట్ ఆఫ్ బ్రైస్ మేనర్'. చేసింది టైగర్ స్టైల్ అనే బుల్లి ఇండిపెండెంట్ స్టూడియో. దాన్ని మొదలుపెట్టిన ర్యాండీ స్మిత్, డేవిడ్ కలీనా అంతకుముందు పెద్ద కంపెనీల్లో ఆటలు చేసినవాళ్ళే.

ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తల్లో రూమ్మేట్ ఫోను లాక్కుని మరీ ఆడాను. ఖాళీగా పడి ఉన్న ఒక పెద్ద భవంతి. అందులో దూరిన సాలెపురుగు మీరే. తెర మీద వేలితో గీస్తే ఆ దిక్కుకి దూకుతుంది. దూకేముందు దాన్ని ఓసారి తాకితే అక్కడ పోగు అంటించి, దిగినచోట రెండో కొస కలుపుతుంది. పోగులు నాలుగువైపులా మూసుకున్నాయా, మధ్యలో గూడు దానంతటదే అల్లుకుంటుంది. గ్రాఫ్‌లో సైకిల్ కనుక్కోవడం చదువుకున్నాం గుర్తుందా? ఇక్కడ ఆ పని వేలితో చేస్తాం! పోగులు కొన్నే ఉంటాయి, పురుగుల్ని తింటేనే మళ్ళీ నిండుతాయి. సరిపడా తింటే తరువాతి చోటికి దారి తెరుచుకుంటుంది.

అసలు తమాషా వేరే ఉంది. ఆ ఇంట్లో ఒకప్పుడు ఒక కుటుంబం ఉండేది. వాళ్ళకేమైందో ఆటలో ఎవరూ చెప్పరు. గోడ మీది ఫొటోలు, వదిలేసిన సామాన్లు చూసి మనమే పోల్చుకోవాలి. సాలెపురుగుకి అవేమీ పట్టవు. దానికి ఫొటో అంటే పోగు అంటించడానికి ఒక మూల, అంతే. నేనూ అలాగే ఆడాను. స్కోరు చూసుకున్నాను, ఇల్లు చూడలేదు.

పోయిన ఏడాది తాతయ్య ఇల్లు అమ్మకానికి సంతకం పెట్టాలని వారం రోజులు ఊరెళ్ళాను. నాన్న తాళం తీశారు. నట్టింట్లో అన్నీ సాలెగూళ్ళే. నేను బూజుకర్ర అందుకోబోతే, "ఉండనీరా, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో కాపురమున్నది అవే కదా" అన్నారు. కాగితాలు చూసుకుని, ఫొటోలు తీసుకుని అరగంటలో బయటపడ్డాను. గోడ మీద నానమ్మ రాసుకున్న పాల లెక్క ఉందని తిరుగు విమానంలో గుర్తొచ్చింది. ఫోనులో వెతికాను. హాలు, గదులు, పెరడు, కొలతలు అన్నీ ఉన్నాయి. ఆ గోడ లేదు.

అన్నట్టు, ఆ ఆటకి 2010లో ఐజీఎఫ్ మొబైల్ పోటీలో ఉత్తమ ఆట బహుమతి వచ్చింది. రెండో భాగం 'రైట్ ఆఫ్ ది ష్రౌడెడ్ మూన్' 2015లో విడుదలైంది. మనం ఉన్న ఊళ్ళోని వాతావరణం, చంద్రకళలు, పగలూ రాత్రీ దాంట్లోనూ కనిపిస్తాయి. ఎప్పుడో కొని పక్కన పడేసింది, ఇప్పుడు తీశాను. గది గదికీ ఆగి, గోడలు చూసి, ఆ తరువాతే ఈగల సంగతి చూస్తున్నాను. స్కోరు ఘోరంగా ఉంది. మీరూ ఆడి చూడండి, కాస్త నెమ్మదిగా.