ఎకరా షీటు, అరవై లీటర్ల నూనె

కలికిరి ప్రాంతపు టమోటా తోటలో కాపు అయిపోయాక డ్రిప్పు పైపులను చుట్టి దాచుకుంటారు, పాడైతే గుజరీ అంగడికి వేస్తారు. నేల తడి ఆరకుండా చాళ్ల మీద పరిచే మల్చింగ్ ప్లాస్టిక్ షీటును గుజరీవాడు కూడా వద్దంటాడు. అది గట్టు మీద కుప్పపడి, ఏదో ఒక సాయంత్రం మంటల్లో కలుస్తుంది. కాల్చే బదులు దాన్నుంచి నూనె తీయవచ్చు కదా అన్నది తెలివైన ప్రశ్నే.

తీయవచ్చు. గాలి చొరబడని పాత్రలో 400 నుంచి 500 డిగ్రీల వేడి తగిలితే ప్లాస్టిక్‌లోని పొడుగాటి అణువులు తెగి ఆవిరవుతాయి. ఆ ఆవిరిని చల్లారిస్తే నూనె. దీని పేరు పైరాలిసిస్, అంటే నిప్పంటించకుండా వేడితోనే విడగొట్టడం. డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ, గ్యాస్ కంపెనీ గెయిల్‌తో కలిసి 2019లో ఇలాంటి కేంద్రం నెలకొల్పింది: రోజుకు టన్ను ప్లాస్టిక్, 800 లీటర్ల దాకా డీజిల్.

అన్ని ప్లాస్టిక్‌లూ ఇందుకు పనికిరావు. పీవీసీ వేడెక్కితే ఆమ్లం కక్కి యంత్రాన్నే తినేస్తుంది. మన షీటు మాత్రం పాలిథిన్, నూనెకు శ్రేష్ఠం. ఇంతవరకు శుభం.

ఇక తూకం. షీటు మందం 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వెడల్పు 4 అడుగులు, చాళ్ల మధ్య 5 అడుగులు అనుకుందాం. ఎకరాకు దాదాపు 75 కిలోలు పడుతుంది. టన్నుకు 13 ఎకరాలు. ఏడాదిలో 300 రోజులు యంత్రం నడవాలంటే దాదాపు 4,000 ఎకరాలు, అవి కూడా రోజుకు పదమూడేసి చొప్పున వరుసగా కాపు ముగించాలి. ధర పడిపోయిన వారంలో అందరం ఒకేసారి తోటలు వదిలేయడం మన అలవాటు.

పైగా పీకిన షీటు ఒంటరిగా రాదు. అంటుకొచ్చిన మట్టి బరువు ఒక్కోసారి షీటు బరువును మించుతుంది. మట్టి నూనె కాదు, వేడిని మాత్రం వాడుకుంటుంది. కడగాలంటే నీళ్లు కావాలి. నీళ్లు చాలకనే కదా షీటు పరిచింది.

ముడిసరుకు ఉచితమని ప్రాజెక్టు కాగితాల్లో ఉత్సాహంగా రాస్తారు. పీకే కూలీ, ట్రాక్టరు బాడుగ ఉచితం కావు. మొదటి లోడు దిగిన రోజే గట్టు మీది చెత్తకూ ధర పుడుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్‌ను కరిగించి గింజలు చేసేవాళ్లు ఎటూ ముందే కొనేస్తారు. నూనె పొయ్యికి దక్కేది వాళ్లు వద్దన్నదే.

వచ్చిన నూనె కూడా తిన్నగా బంకుకు వెళ్లదు. పెట్రోలంత పలుచన నుంచి మైనమంత చిక్కన దాకా అన్నీ అందులో కలిసే ఉంటాయి. శుద్ధి చేసే యంత్రం లేకపోతే బాయిలర్లకే అమ్మాలి, వాళ్లిచ్చే ధరకే.

కాబట్టి పొలం శుభ్రం చేసే ఖర్చు ఇంకెవరైనా భరిస్తేనే ఈ లెక్క నిలుస్తుంది. 2022లో కేంద్రం అలాంటి భారాన్ని తయారీదారుల మీద పెట్టింది, ప్యాకింగ్ ప్లాస్టిక్ విషయంలో. మల్చింగ్ షీటు ప్యాకింగ్ కాదు.

అన్నీ కుదిరి, ఎకరా షీటంతా డీజిల్ అయిందనుకుందాం: 60 లీటర్లు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడిచే టమోటా లారీ మదనపల్లె నుంచి దాదాపు చెన్నై చేరుతుంది. తిరిగి రావడానికి ఇంకో ఎకరా కావాలి.