అంటార్కిటికా: ప్రత్యర్థులు కలిసి పనిచేసే ఖండం

గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు కోర్టుకెక్కడం మనమంతా మన ఊళ్లలో చూసిందే. అలాంటిది, ఒక ఖండంలోని భూమిని మాదంటే మాదని వాదించుకున్న దేశాలు అరవై ఏళ్లకు పైగా అక్కడ కలిసి పనిచేసుకుంటున్నాయి. ఆ ఖండం అంటార్కిటికా. ఇది ఎలా సాధ్యమైందో ఈ వ్యాసంలో వివరించదలచుకున్నాం.

అంటార్కిటికాలో భూభాగాలు తమవని బ్రిటన్, ఫ్రాన్స్, నార్వే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చిలీ, అర్జెంటీనా ప్రకటించుకున్నాయి. వీటిలో బ్రిటన్, చిలీ, అర్జెంటీనాలు కోరినది చాలావరకు ఒకే నేల. 1952లో హోప్ బే వద్ద దిగిన బ్రిటిష్ బృందాన్ని బెదిరించడానికి అర్జెంటీనా వారు తలల మీదుగా మెషిన్‌గన్ పేల్చారు. మరోవైపు అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం సాగుతోంది.

ఈ పరిస్థితిని మార్చింది విజ్ఞానశాస్త్రం. 1957 జూలై నుండి 1958 డిసెంబర్ వరకు అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిగింది. 12 దేశాల శాస్త్రజ్ఞులు అంటార్కిటికాలో పరిశోధనలు చేశారు. అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు గోర్డన్ కార్ట్‌రైట్ 1957 చలికాలాన్ని సోవియట్ వారి మిర్నీ కేంద్రంలో గడిపారు. అదే కాలంలో ఒక సోవియట్ శాస్త్రజ్ఞుడు అమెరికా కేంద్రంలో ఉన్నారు.

ఆ 12 దేశాలే 1959 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో అంటార్కిటికా ఒప్పందంపై సంతకాలు చేశాయి. 1961 జూన్ 23న అది అమల్లోకి వచ్చింది. అందులోని ముఖ్యాంశాలు:

1. ఈ ఖండాన్ని శాంతియుత పనులకే వాడాలి. సైనిక స్థావరాలు, ఆయుధ పరీక్షలు నిషిద్ధం.
2. అణు విస్ఫోటనాలు జరపరాదు. అణు వ్యర్థాలు పారవేయరాదు.
3. పరిశోధనా ఫలితాలను ఇచ్చిపుచ్చుకోవాలి.
4. నిర్ణయాధికారం గల దేశాల పరిశీలకులు ఏ కేంద్రాన్నైనా, ఎప్పుడైనా తనిఖీ చేయవచ్చు.

అన్నిటికంటే తెలివైనది ఒప్పందంలోని 4వ అధికరణం. అది ఎవరి హక్కునూ ఒప్పుకోలేదు, ఎవరి హక్కునూ కొట్టివేయలేదు. ఒప్పందం ఉన్నంతకాలం కొత్త హక్కు ప్రకటించరాదని, పాతదాన్ని పెంచుకోరాదని మాత్రం చెప్పింది. అంటే తగాదాను తీర్చలేదు, పక్కన పెట్టారు.

దీని ఫలితాలు చూద్దాం. 1982లో ఫాక్‌లాండ్ దీవుల కోసం యుద్ధం చేసినప్పుడు కూడా బ్రిటన్, అర్జెంటీనాలు ఈ ఒప్పందం నుండి వైదొలగలేదు. సోవియట్ వారి వోస్టోక్ కేంద్రంలో తవ్విన మంచును అమెరికా విమానాలు మోశాయి, ఫ్రాన్స్ ప్రయోగశాలలు పరీక్షించాయి. 1998 నాటికి ఆ తవ్వకం 3,623 మీటర్ల లోతుకు చేరింది. ఆ మంచులోని గాలి బుడగల ద్వారా 4 లక్షల ఏళ్లకు పైబడిన వాతావరణ చరిత్ర తెలిసింది. వానల కోసం ఆకాశం వైపు చూసే మన పల్లెలకు ఇది దూరపు విషయం కాదు.

మన దేశం 1983లో ఒప్పందంలో చేరి, అదే ఏడాది నిర్ణయాధికారం పొందింది. 2012లో ప్రారంభమైన మన ‘భారతి’ కేంద్రం లార్సెమాన్ కొండల్లో ఉంది. చైనా, రష్యా కేంద్రాలు అక్కడే ఇరుగుపొరుగున ఉన్నాయి.

అయితే అంతా సవ్యంగా ఉందనుకోరాదు. ఇక్కడ ఏ నిర్ణయానికైనా అందరి సమ్మతి కావాలి. దక్షిణ మహాసముద్రంలో కొత్త రక్షిత ప్రాంతాల ప్రతిపాదనలు ఇందుకే ఏళ్ల తరబడి ఆగి ఉన్నాయి. ఉత్తర ధ్రువాన ఇలాంటి ఒప్పందమే లేదు. 1996లో ఏర్పడిన ఆర్కిటిక్ మండలి పనులు 2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి తర్వాత స్తంభించి, ఆ తర్వాత కొంతవరకే మొదలయ్యాయి.

ముందు స్నేహం కుదరాలి, తర్వాత పని చేద్దామని ఆ 12 దేశాలు అనుకోలేదు. పని మొదలుపెట్టాయి, దానికి అడ్డురాకుండా తగాదాకు హద్దు గీశాయి. ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగిన మనకు ఇది అర్థం కాని సంగతి కాదు. మాటలు లేని రోజుల్లో కూడా మనం ఒకే లైటు కింద కూర్చుని పరీక్షలకు చదువుకున్నవాళ్లమే.