ఫైళ్లకూ ఒక హాజరు పట్టీ

జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో, తిరుమలగిరి గ్రామం దగ్గర పాండవుల గుట్టలు ఉన్నాయి. ఇసుకరాతి కొండలివి. వీటి గుహల్లో, ముందుకు వంగిన బండల కింద పూర్వకాలపు మనుషులు రంగులతో వేసిన బొమ్మలున్నాయి. అడవిదున్న, జింక, పులి, చిరుతపులి. వాటితోపాటు వృత్తాలు, చతురస్రాలు, స్వస్తిక గుర్తు, విల్లు, కత్తి. కొన్ని ఎరుపు, కొన్ని ఆకుపచ్చ, కొన్ని పసుపు, తెలుపు. 1990లో ఇవి వెలుగులోకి వచ్చాయి. ఎండావానలూ, తడిమే చేతులూ ఇలాంటి బొమ్మలను కొద్దికొద్దిగా చెరిపేస్తూ ఉంటాయి. కాబట్టి వాటిని ఫోటోలు తీసి భద్రపరచడం మంచి పని.

మీ తరగతి వాళ్లంతా ఒక ఆదివారం ఆ గుట్టలకు వెళ్లారనుకుందాం. బొమ్మలను ముట్టుకోకుండా, నాలుగు ఫోన్లతో మూడు వందల ఫోటోలు తీశారు. మర్నాడు వాటిని బడిలోని కంప్యూటరులోకి ఎక్కించారు. ఫోన్లేమో ఇంట్లో పెద్దవాళ్లవి. చోటు చాలడం లేదు, ఫోటోలు తీసేయమంటున్నారు. తీసేయవచ్చా? మూడు వందలూ కంప్యూటరులోకి చేరాయని ఎలా తెలుస్తుంది? ఒక్కటి తప్పిపోయినా దాని కోసం మళ్లీ గుట్ట ఎక్కాలి. ఈలోగా ఎవరో ఆ బొమ్మ మీద తమ పేరు చెక్కి ఉంటే, ఆ ఫోటో ఇక ఎన్నటికీ దొరకదు.

ఇలాంటి చిక్కును మీ మాస్టారు రోజూ ఉదయం ఐదు నిమిషాల్లో తీరుస్తూనే ఉన్నారు. హాజరు పట్టీ తెరిచి చూడండి. అడ్డంగా ఒక్కో విద్యార్థికి ఒక వరుస. నిలువుగా ఒక్కో తేదీకి ఒక వరుస. ఏ గడిని చూపించాలన్నా రెండు సంఖ్యలు చాలు: ఎన్నో అడ్డు వరుస, ఎన్నో నిలువు వరుస. మన ఊళ్లలోని పాత పహాణీ కూడా ఇదే పద్ధతి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఇలాంటి అమరికను కంప్యూటరులో ద్విపరిమాణ శ్రేణి అంటారు. టూ డైమెన్షనల్ అర్రే అన్నా ఇదే.

ఇప్పుడు ఫోటోలున్న ఫోల్డరు సంగతి చూద్దాం. ఫోల్డరునే డైరెక్టరీ అని కూడా అంటారు. అందులో ఏమున్నాయో పైథాను భాషలో అడగడం చాలా తేలిక. పైథాను ఒక స్క్రిప్టింగు భాష. గీడో వాన్ రోసమ్ అనే ఆయన 1991లో దాన్ని విడుదల చేశాడు. ఈ భాషలో నాలుగు వాక్యాలు రాసి వెంటనే నడిపించి చూసుకోవచ్చు. అందులో లిస్ట్‌డిర్ అనే ఆదేశం ఉంది. ఫోల్డరు పేరు చెబితే, లోపలున్న ఫైళ్ల పేర్లను జాబితాగా ఇస్తుంది. కానీ పేర్లు మాత్రమే ఇస్తుంది! ఫైలు ఎంత పెద్దది, ఎప్పుడు తయారైంది అన్నది చెప్పదు. ఆ పేర్లు కూడా ఫలానా క్రమంలోనే వస్తాయన్న హామీ లేదు.

ఎందుకలా? దీని వెనుక ఒక చిన్న కథ ఉంది. 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అనే వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. దాని తొలి రూపాల్లో డైరెక్టరీ అంటే మరేమీ కాదు, అదీ ఒక ఫైలే. అందులో ఒక్కో వరుసకు 16 బైట్లు. మొదటి 2 బైట్లలో ఒక సంఖ్య, మిగతా 14 బైట్లలో ఫైలు పేరు. అంటే డైరెక్టరీయే ఒక ద్విపరిమాణ పట్టిక అన్నమాట! ఫైలు సైజు, తేదీ, యజమాని వివరాలు వేరే చోట, ఐనోడ్ అనే ఇంకో పట్టికలో ఉండేవి. ఆ 2 బైట్ల సంఖ్యే అక్కడికి దారి చూపేది. పహాణీలో ఖాతా నంబరు చూసి, ఆ ఖాతా ఉన్న పుట తిరగేసినట్టు. యూనిక్స్ వారసత్వం ఉన్న వ్యవస్థల్లో ఈ పద్ధతి ఇప్పటికీ సాగుతోంది. అందుకే పేర్లు ఒక ఆదేశంతోనూ, వివరాలు ఇంకో ఆదేశంతోనూ అడగాలి.

అన్నట్టు, 14 బైట్లంటే ఎంతో తెలుసా? ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటుంది. ఒత్తులూ గుణింతాలూ వేరే గుర్తులుగా లెక్క. 'రేగొండ'లో ర, ఏత్వం, గ, ఒత్వం, సున్న, డ కలిసి ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. ఆనాటి డైరెక్టరీలో మన రేగొండ పేరు పట్టేదే కాదు. 1983లో వచ్చిన బీఎస్‌డీ యూనిక్స్ 4.2 రూపంలో ఈ హద్దును 255 బైట్లకు పెంచారు.

సరే, పనిలోకి వద్దాం. కొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా మూడు జాబితాలు పెట్టుకుంటారు: పేర్లకు ఒకటి, సైజులకు ఒకటి, సమయాలకు ఒకటి. మొదట బాగానే ఉంటుంది. తరువాత పేర్లను అక్షరక్రమంలో పెడతారు. పేర్లు కదులుతాయి, సైజులు కదలవు! పులి సైజు దున్న పక్కకు చేరుతుంది. హాజరు పట్టీలో పేర్ల కాగితాన్ని మాత్రం చించి, ఒక గడి కిందికి జరిపి అతికించినట్టే. హాజరైనవాడు గైర్హాజరు, గైర్హాజరైనవాడు హాజరు. పైగా కంప్యూటరు తప్పు జరిగిందని చెప్పదు, దానికి తెలియదు కూడా.

అందుకే ఒక ఫైలు వివరాలన్నీ ఒకే వరుసలో కట్టిపెట్టాలి. పద్ధతి ఇది. ముందుగా పట్టిక అనే ఖాళీ జాబితా తీసుకోండి. లిస్ట్‌డిర్ ఇచ్చిన ఒక్కో పేరుకూ సైజు, సమయం అడిగి, పేరు, సైజు, సమయం ఉన్న చిన్న జాబితా తయారుచేయండి. దాన్ని పట్టిక చివర చేర్చండి. పేర్లు అయిపోయేదాకా ఇదే పని. జాబితాల జాబితా సిద్ధమవుతుంది. ఉదాహరణకు:

దున్న-1, 2418300, 10:12
దున్న-2, 2650114, 10:13
దున్న-10, 1987655, 10:31
పులి-1, 0, 11:05

పైథాను లెక్క సున్నాతో మొదలవుతుంది. కాబట్టి పట్టిక[0] అంటే మొదటి వరుస మొత్తం. పట్టిక[2][1] అంటే దున్న-10 సైజు, 1987655 బైట్లు. ఇప్పుడు ఎలా క్రమం మార్చినా వరుస మొత్తం ఒక్కటిగా కదులుతుంది. నాలుగో వరుస చూశారా? పులి సైజు సున్నా. పేరు వచ్చింది, ఫోటో రాలేదు. పేర్లు మాత్రమే లెక్కపెట్టుకుని ఉంటే 'నాలుగూ వచ్చాయి' అని ఫోనులోది తీసేసి ఉండేవాళ్లం.

ఇక్కడ ఒక గోతిని గురించి చెప్పాలి, చాలామంది పడేది. చిన్న జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారుచేయాలి. ఒక్కసారే తయారుచేసి, అందులోని విలువలు చెరిపి రాస్తూ పట్టికలో చేరిస్తే ఏమవుతుంది? మూడు వందల వరుసల్లోనూ చివరి ఫోటో పేరే కనిపిస్తుంది! పైథాను పట్టికలో పెట్టేది పలక నకలు కాదు, 'ఆ పలక చూడు' అనే చీటీ. మూడు వందల చీటీలూ ఒకే పలకను చూపుతాయి. ఆ పలక మీద ఉన్నదేమో ఆఖరున రాసినది. పెర్ల్ అనే మరో స్క్రిప్టింగు భాష 1987లో వచ్చినా, ఇలాంటి చీటీలు అందులోకి 1994లో 5వ రూపంతోగానీ రాలేదు. అంతవరకు అందులో జాబితాల జాబితా కట్టడం తిప్పలే. లినక్స్‌లో అందరూ వాడే బాష్‌లోనైతే నేటికీ ద్విపరిమాణ శ్రేణి లేదు.

ఇంకో సంగతి. పేర్లను క్రమంలో పెట్టమంటే కంప్యూటరు దున్న-10ని దున్న-2 కన్నా ముందు పెడుతుంది. అక్షరాలను ఎడమ నుంచి ఒక్కొక్కటే పోల్చుతుంది కదా, 1 కన్నా 2 పెద్దది! దున్న-01, దున్న-02 అని పేర్లు పెడితే ఈ బాధ ఉండదు.

ఫోన్లు నాలుగు కాబట్టి ఒకే పేరు రెండు ఫోన్లలోనూ ఉండవచ్చు. అన్నిటినీ ఒకే ఫోల్డరులో పోస్తే ఒకటి ఇంకొకదాన్ని తుడిచిపెట్టే ప్రమాదం ఉంది. ఒక్కో ఫోనుకు ఒక్కో ఫోల్డరు పెట్టి, వరుసలో నాలుగో గడిగా ఫోల్డరు పేరు చేర్చండి.

ఇక అసలు తనిఖీ. ఫోన్లకు ఒక పట్టిక, కంప్యూటరుకు ఒక పట్టిక. ఫోన్ల పట్టికలోని ఒక్కో వరుసకూ, అదే ఫోల్డరు, అదే పేరు ఉన్న వరుసను రెండో పట్టికలో వెతకాలి. దొరకకపోయినా, సైజు తేడాగా ఉన్నా, ఆ వరుసను 'బాకీ' అనే మూడో పట్టికలో వేయాలి. సమయాన్ని మాత్రం పోల్చవద్దు. నకలు తీసేటప్పుడు అది మారిపోవచ్చు. బాకీ పట్టికలో ఒక్క వరుస ఉన్నా ఫోన్ల జోలికి పోవద్దు.

సైజు ఒకటే అయినంత మాత్రాన లోపల ఉన్నదీ ఒకటే అనగలమా? అనలేం. అరుదుగా, సైజు సరిగ్గానే ఉన్నా లోపలి బైట్లు చెడిపోతాయి. దానికీ ఉపాయం ఉంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క ఫైలులోని బైట్లన్నిటినీ చదివి, 64 గుర్తుల వేలిముద్ర ఇస్తుంది. ఒక్క బైటు మారినా వేలిముద్ర మారిపోతుంది. దాన్ని కూడా చేర్చి పోలిస్తే ఒక్కో వరుసలో ఐదు గళ్లు అవుతాయి.