వేదికపై వెలుగు బొమ్మలు, వాటి ఫైళ్ళు

నాటకంలో అడవి రంగం వస్తుంది. వేదికపై ఒక్క చెట్టు కూడా ఉండదు. అయినా ఆకుల సందుల్లోంచి జారిన ఎండ నేలంతా పరుచుకొని కనిపిస్తుంది. పెళ్ళి విందులో గోడ మీద వధూవరుల పేర్లు వెలుగుతో రాసినట్లు మెరుస్తాయి. ఈ రెండింటికీ కారణం దీపం లోపల అమర్చిన ఒక చిన్న బిళ్ళ. దానినే గోబో అంటారు.

నేడు వేదిక దీపాలను ఎక్కువగా కంప్యూటరు సాఫ్ట్‌వేరు ద్వారా నడుపుతున్నారు. మనకు కావలసిన బొమ్మతో గోబో చేయించి దీపంలో పెడితే సగం పనే అయినట్లు. ఆ బొమ్మ ఫైలును సాఫ్ట్‌వేరులో కూడా సరైన చోట చేర్చాలి. ఎందుకో తెలియాలంటే ముందు గోబో పనిచేసే తీరు చూద్దాం.

బిళ్ళ, కటకం, గోడ

ఒక పోస్టుకార్డులో 'గ' అక్షరం ఆకారంలో రంధ్రం కత్తిరించండి. దాని వెనక టార్చిలైటు వెలిగించండి. కార్డుకూ గోడకూ మధ్య భూతద్దం పట్టుకొని ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట గోడపై అక్షరం స్పష్టంగా, కాని తలక్రిందులుగా కనిపిస్తుంది. కార్డును తలక్రిందులు చేస్తే అక్షరం సరిగా నిలబడుతుంది. కార్డును వెనక్కి తిప్పి పెడితే మాత్రం అద్దంలో చూసినట్లు కుడి ఎడమలు మారిపోతాయి. ఆ తర్వాత ఎంత గుండ్రంగా తిప్పినా ఆ తప్పు పోదు. గోబో బిళ్ళను దీపంలో పెట్టేటప్పుడు గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి ఇదే.

రెండవ సంగతి పరిమాణం. బిళ్ళ మీద 25 మిల్లీమీటర్ల వెడల్పున్న బొమ్మ గోడపై 5 మీటర్ల వెడల్పున పడితే, అది 200 రెట్లు పెరిగినట్లు. అప్పుడు బిళ్ళపై 0.1 మిల్లీమీటరు గీత గోడపై 2 సెంటీమీటర్ల మచ్చ అవుతుంది. అందుకే తయారీదారుకు ఎంత పెంచినా అంచులు చెదరని రేఖాచిత్రపు ఫైలు ఇవ్వడం మంచిది.

సున్నాతో చిక్కు

ఉక్కు రేకుతో చేసే గోబోలో కాంతి పోవలసిన చోటల్లా రేకును తొలగిస్తారు. మరి 'ఠ' అక్షరాన్ని కత్తిరిస్తే ఏమవుతుంది? గుండ్రటి గీత పూర్తిగా తెగితే లోపలి భాగానికి ఆధారం లేక ఊడిపోతుంది. సున్నా సంగతీ అంతే. అందువల్ల అలాంటి చోట్ల సన్నని వంతెనలు వదలాలి. వలయాలు ఎక్కువగా ఉన్న మన లిపికి ఈ జాగ్రత్త మరీ అవసరం. గాజు గోబోలో ఈ చిక్కు లేదు. అక్కడ గాజుపై పూతే కాంతిని అడ్డుకుంటుంది.

కంప్యూటరుకు బొమ్మ కనిపిస్తుందా?

కనిపించదు. కంప్యూటరు దీపానికి పంపేది ఒక అంకె మాత్రమే. 1986లో రూపొందిన డీఎంఎక్స్ 512 పద్ధతిలో ఒక తీగ ద్వారా 512 చానళ్ళు వెళతాయి. ఒక్కొక్క చానల్ విలువ 0 నుండి 255 వరకు ఉంటుంది. ఒక దీపంలోని గోబో చక్రానికి 8 గళ్ళు ఉన్నాయనుకోండి. 256 విలువలను సమానంగా పంచితే గడికి 32 వస్తాయి. 0 నుండి 31 వరకు ఖాళీ గడి, 32 నుండి 63 వరకు మొదటి గోబో, ఇలా సాగుతుంది. 40 అనే అంకె అందగానే చక్రం తిరిగి మొదటి గోబోను కాంతికి ఎదురుగా నిలుపుతుంది. ఆ గడిలో ఆకులున్నాయా, పేర్లున్నాయా అన్నది దీపానికీ తెలియదు, కంప్యూటరుకూ తెలియదు.

మరి ఫైలు ఎందుకు? అది దీపాలు నడిపే మనిషి కోసం. తెరపై చిన్న బొమ్మను చూసే అతడు మీట నొక్కుతాడు. కంప్యూటరులో వేదిక నమూనాపై వెలుగును ముందే చూసుకోవడానికీ ఆ ఫైలే ఆధారం. బిళ్ళ మార్చి ఫైలు మార్చకపోతే తెరపై నక్షత్రం కనిపిస్తుంది, వేదికపై ఆకులు పడతాయి. ఫైలు పోతే ప్రదర్శన ఆగిపోదు గాని, నడిపేవారు చీకట్లో తడుముకోవలసి వస్తుంది.

ఫైలును చేర్చే పద్ధతి

సాఫ్ట్‌వేరులో ప్రతి దీపం నమూనాకూ ఒక వివరాల పట్టిక ఉంటుంది. ఏ విలువకు ఏ గడి, ఆ గడికి ఏ బొమ్మ అన్నది అందులో ఉంటుంది. అసలు పట్టికను దిద్దకండి. నకలు తీసి, కొత్త పేరు పెట్టి, ఆ గడి బొమ్మను మాత్రమే మార్చండి. బిళ్ళ మార్చిన దీపాలకే ఈ కొత్త పట్టికను వర్తింపజేయండి. లేకపోతే అదే రకానికి చెందిన మిగతా దీపాలకు కూడా తప్పు బొమ్మ కనిపిస్తుంది.

బొమ్మ చతురస్రంగా, కాంతి పోయే భాగం తెల్లగా, అడ్డుకునే భాగం నల్లగా ఉంటే గుర్తించడం తేలిక. ఫైలు పేరులో బొమ్మ ఏమిటో, ఏ ప్రదర్శనకో తెలియాలి. పాత ఫైలు పేరుతోనే కొత్త బొమ్మ పెట్టవద్దు. ఆ ఫైలును వాడే పాత ప్రదర్శనలన్నింటిలో బొమ్మ మారిపోయే ప్రమాదం ఉంది.

కొన్ని సాఫ్ట్‌వేర్లు బొమ్మను ప్రదర్శన ఫైలులోనే దాచుకుంటాయి. మరికొన్ని అది ఏ ఫోల్డరులో ఉందో మాత్రమే రాసుకుంటాయి. రెండవ రకంలో ప్రదర్శన ఫైలు ఒక్కటే వేరే ఊరికి తీసుకువెళితే బొమ్మలు రావు. అందుచేత ఫోల్డరును కూడా వెంట తీసుకువెళ్ళాలి. ఈ ఇబ్బందిని తగ్గించే ఒక ఉమ్మడి పద్ధతి జీడీటీఎఫ్. ఇది 2020లో డిన్ స్పెక్ 15800గా వెలువడింది. ఇందులో దీపం వివరాలు, గోబో బొమ్మలు ఒకే మూటలో ఉంటాయి.

చివరగా ఒక మాట. బిళ్ళ మార్చేముందు కరెంటు తీసి, దీపం చల్లారేదాకా ఆగండి. తర్వాత ఒక్కొక్క గడినీ వెలిగించి, తెరపై బొమ్మతో గోడపై బొమ్మను పోల్చి చూడండి. ఈ కాసేపటి పనితో, పెళ్ళివారి పేర్లు తిరగబడి పడే అవస్థ తప్పుతుంది.