బొమ్మల స్వీయచరిత్రము

నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలోఁ దెలుఁగు బోధించినవాఁడను. పాఠ్యపుస్తకపు టంచులయందు బొమ్మలు గీచిన పిల్లవానిని బల్లపై నిలువఁబెట్టుట నా పద్ధతి. అట్టి నాకు మనుమరాలొక బొమ్మల పుస్తకము తెచ్చియిచ్చి, "తాతయ్యా, ఇది ఆత్మకథ" అనఁగా నవ్వు వచ్చినది.

గ్రంథము పేరు 'మౌస్'. అమెరికా చిత్రకారుఁడు ఆర్ట్ స్పీగెల్మన్ వ్రాసి గీచినది. మొదటి సంపుటము 1986లోను, రెండవది 1991లోను వెలువడెను. 1992లోఁ బులిట్జరు ప్రత్యేక పురస్కారము లభించెను. పోలండు యూదుఁడై ఆష్విట్జు నిర్బంధశిబిరమునుండి బ్రదికి బయటపడిన తండ్రి కథయు, దానిని వినుచున్న కుమారుని కథయు నందుఁ బెనవేసికొని యున్నవి. యూదులు ఎలుకలు, జర్మనులు పిల్లులు. పంచతంత్రము చదివిన మనకిది వింత కాదు; ఐనను నిచ్చట నీతిశ్లోకము లేదు.

మన లాక్షణికులు కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు విభజించిరి. ఇది కన్నులతోఁ జూడవలసినదే గాని నాటకమువలె మనలను వెంటఁ దఱుమదు. ఒక్క పుటమీఁద నెంతసేపైన నిలువవచ్చును. ఒకచోట వృద్ధుఁడైన తండ్రి వ్యాయామపు సైకిలు త్రొక్కుచు తన యౌవనమును జెప్పనారంభించును. అతని ముంజేతిపై శిబిరమువారు పొడిచిన పచ్చబొట్టు సంఖ్య కనఁబడుచుండును. దానిని గూర్చి యచ్చట నొక్క మాటయు లేదు. వచనమున నైనచో రచయిత "నా చూపు ఆ సంఖ్యపైఁ బడినది" అని వ్రాయక తప్పదు. బొమ్మలో నది యూరకుండును. నేను మొదటిసారి చూడకయే పుట త్రిప్పితిని! ఆనందవర్ధనుఁడు చెప్పిన ధ్వని గీఁతలకును గలదని రెండవ పఠనమున నొప్పుకొంటిని. (బొమ్మను రేడియోలో వర్ణించుట యెంత కష్టమో మీకును దెలియుచునే యుండును.)

వచనము సొమ్ము వచనమునకుఁ గలదు. వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రమున 1881లో రాజమహేంద్రవరమున జరిగిన మొదటి వితంతువివాహ ఘట్టమును జదువునపుడు ఆ వీథిని, ఆ జనమును నా మనస్సులో నేనే కట్టుకొందును. చిత్రకారుఁ డా స్వాతంత్ర్యము నాకీయఁడు. శ్రీపాదవారి 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ' లోని పలుకుబడిని గీయఁగల కుంచె యేది?

మౌస్ మొదటి సంపుటము చివర నొక ఘట్టమున్నది. కుమారుని తల్లి తన అనుభవములను కొడుకు చదువవలెనని పుస్తకములలో వ్రాసియుంచినది. ఆమె మరణానంతరము వానిని తానే కాల్చివేసితినని తండ్రి ఒప్పుకొనును. కుమారుఁ డామె రూపమును బలుమాఱులు గీచెను. ఆమె మాటలో నామె కథ మాత్రము దొరకలేదు. ఆ పుటయొద్దఁ బుస్తకము మూసి మఱునాఁడు గాని తెఱవలేకపోయితిని. మా నాయనగారి దినచర్య పుస్తకములు చెదలు పట్టినవని, ఇల్లు మాఱునపుడు, విప్పి చూడకయే పొయ్యిలో వేయించినవాఁడను నేనే.

వానిలో నేమున్నదో యిఁకఁ దెలియదు. ఒడిలోఁ బలక నుంచుకొని, లాంతరువైపు వంగి ఆయన వ్రాయుచుండిన తీరు మాత్రము కన్నులకుఁ గట్టినట్లున్నది. దానిని గీయుమని మనుమరాలు కాగితము, పెన్సిలు నా యెదుట నుంచినది. నాకు బొమ్మలు గీయుట రాదు.