లక్ష లీటర్ల నీళ్లా? అయిదు గ్రాముల రాయా?

ఒక లీటరు హైడ్రోక్లోరికామ్లం ఉందనుకోండి. దాని పి.హెచ్. 1. నీళ్లు మాత్రమే కలిపి దాన్ని పి.హెచ్. 6కు తేవాలి. ఎన్ని నీళ్లు కావాలి? అయిదు లీటర్లా? యాభయ్యా? జవాబు చెప్పే ముందు పి.హెచ్. అంటే ఏమిటో చూద్దాం.

ద్రావణంలో ఆమ్లగుణం చూపేవి హైడ్రోజన్ అయానులు. లీటరులో అవి మోలులో పదో వంతు ఉంటే పి.హెచ్. 1, నూరో వంతు ఉంటే 2, వెయ్యో వంతు ఉంటే 3. గమనించారా? 10, 100, 1000లలో ఉన్న సున్నాలను లెక్కపెడితే చాలు! 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న సోరెన్‌సెన్ ఈ కొలతను ప్రవేశపెట్టాడు. పి.హెచ్. ఒక మెట్టు ఎక్కిందంటే ఆమ్లగుణం పదో వంతుకు తగ్గిందన్నమాట.

హైడ్రోక్లోరికామ్లం బలమైన ఆమ్లం. బలమైనది అంటే చిక్కనిది అని కాదు. నీళ్లలో కలిసిన ప్రతి అణువూ విడిపోయి హైడ్రోజన్ అయానును ఇచ్చేస్తుందని అర్థం. అందుకే లీటరులో పదో వంతు మోలు కలిపితే పి.హెచ్. సరిగ్గా 1 వస్తుంది. వినెగర్‌లోని ఎసిటికామ్లాన్ని అంతే కలిపి చూడండి. నూటికి సుమారు ఒక్క అణువే విడిపోతుంది కనుక పి.హెచ్. దాదాపు 3 ఉంటుంది.

ఇప్పుడు మన లెక్క. 1 నుంచి 2కు రావాలంటే లీటరును 10 లీటర్లు చెయ్యాలి. 3కు 100, 4కు 1,000, 5కు 10,000. 6కు రావాలంటే 1,00,000 లీటర్లు! పది వేల లీటర్ల ట్యాంకర్లు పది నింపాలి. ఇంకా నీళ్లు పోస్తూ పోతే 8 వస్తుందా? ఎన్నటికీ రాదు. స్వచ్ఛమైన నీటిలోనే లీటరుకు కోటో వంతు మోలు హైడ్రోజన్ అయానులు ఉంటాయి. కోటికి ఏడు సున్నాలు. ఎంత పోసినా 7 దగ్గరికి చేరడమే గాని దాటడం ఉండదు.

మరి వేరే దారి లేదా? ఉంది. కోదాడ దగ్గరి మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు, మిర్యాలగూడ దగ్గరి వాడపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు ఎందుకు వెలిశాయో తెలుసా? అక్కడి నేలలో సున్నపురాయి ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు రాతిమీద పలచని హైడ్రోక్లోరికామ్లం చుక్క వేస్తారు. బుసబుస పొంగితే సున్నపురాయి అని పోల్చుకుంటారు. ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు. రాతిలోని కాల్షియం కార్బొనేట్ హైడ్రోజన్ అయానులను పట్టుకుని నీరుగా మార్చేస్తుంది. నీళ్లు పోస్తే అయానులు దూరదూరంగా చెదురుతాయి, అంతే. రాయి వేస్తే అయానులే మాయమవుతాయి! మన లీటరు ఆమ్లానికి 5 గ్రాముల కాల్షియం కార్బొనేట్ సరిపోతుంది. కాస్త ఎక్కువ వేసి, వాయువు పూర్తిగా పోనిస్తే పి.హెచ్. 6 కూడా దాటుతుంది.

ఈ లెక్క ఎందుకంటారా? సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు-విజయవాడ రహదారిపై పోయే లారీల బ్యాటరీలలో ఉండేది సల్ఫ్యూరికామ్లం. దాని పి.హెచ్. సున్నాకు దగ్గర. చెంచాడు ఒలికిన చోట లీటరు నీళ్లు పోస్తే పి.హెచ్. పెరిగేది దాదాపు రెండు మెట్లే. అది నూలు చొక్కాకు అంటితే నీరు ఆరిపోతుంది గాని ఆమ్లం ఆరిపోదు. చిక్కబడి చిల్లులు పెడుతుంది. నేలమీద ఒలికితే తినే సోడా చల్లాలి. ఒంటిమీద పడితే మాత్రం సోడా, సున్నం రాయకండి. ఆ చర్యలో పుట్టే వేడి, సున్నపు ఘాటు చర్మానికి ఇంకా హాని చేస్తాయి. ధారగా పారే నీళ్లతో చాలాసేపు కడగాలి. అక్కడ నీరు ఆమ్లాన్ని పలచన చెయ్యడమే కాదు, మోసుకుపోతుంది కూడా.

ఇక ఒక లెక్క మీకు. పి.హెచ్. 2 ఉన్న లీటరు హైడ్రోక్లోరికామ్లానికి ఎన్ని గ్రాముల కాల్షియం కార్బొనేట్ కావాలి? కాగితం తీసుకోండి!