అంబులెన్స్ ఇంజన్ ఎన్నేళ్లు నడుస్తుంది?

మన సొసైటీ అంబులెన్స్‌ను చూసినప్పుడల్లా దాతలు అడిగే మాట ఒకటే: "పాతదైంది కదా భాయ్, కొత్తది తీసుకుందామా?" అలా ముందుకొచ్చే సోదరులకు అల్లాహ్ మేలు చేయుగాక. అయితే ఇంజన్ ఆయుష్షు గురించి కొంత చెప్పాల్సి ఉంది.

ఏళ్లు మీద పడినంత మాత్రాన ఇంజన్ చెడిపోదు. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అనే బడిపంతులు 1966లో కొన్న వోల్వో కారును 2013 నాటికి 30 లక్షల మైళ్లు, అంటే దాదాపు 48 లక్షల కిలోమీటర్లు నడిపాడు. మధ్యలో ఇంజన్ విప్పి కట్టించిన మాట నిజమే. కానీ మొదటిసారి విప్పేనాటికే 10 లక్షల కిలోమీటర్లు దాటింది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఎప్పుడు ఏది మార్చమన్నారో అప్పుడు అది మార్చడమే ఆయన చేసిన పని. మన దగ్గర చూస్తే, 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో సర్వీసులు మొదలుపెట్టిన నాటి అల్బియన్ బస్సును హైదరాబాద్ బస్ భవన్‌లో ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. మామూలు డీజిల్ బండి కూడా బాగా చూసుకుంటే 3 లక్షల కిలోమీటర్లు దాటడం వింతేమీ కాదు.

ఇంజన్ లోపల ఇనుము ఇనుమును రాసుకోకుండా అడ్డం ఉండేది పలుచని ఆయిల్ పొర. డీజిల్ మసి కలిసేకొద్దీ ఆయిల్ చిక్కబడుతుంది, అరుగుదల మొదలవుతుంది. అంబులెన్స్‌కు ఇంకో కష్టం ఉంది. రోగి ఎక్కగానే చల్లటి ఇంజన్‌తోనే పరుగెత్తాలి. ఆసుపత్రి ముందు ఏసీ కోసం గంటల తరబడి ఆన్‌లో ఉండాలి. ఆ గంటలు కిలోమీటర్ల మీటరులో కనబడవు. అందుకే మేము పుస్తకంలో రాసిన గడువుకంటే ముందే ఆయిల్, ఫిల్టర్ మార్పిస్తాం. కోతల రోజుల్లో రోడ్ల మీద దుమ్ము ఎంత ఉంటుందో మీకు తెలుసు, అప్పుడు ఎయిర్ ఫిల్టర్ వారం వారం చూడాల్సిందే. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయనివ్వం. ఉప్పు పేరుకుని సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. కూలెంటే వాడాలి.

గల్ఫ్ నుంచి మయ్యత్ వచ్చిన ఒక రాత్రి సంగతి చెప్పాలి. శంషాబాద్ నుంచి మెట్‌పల్లికి 200 కిలోమీటర్లకు పైనే. ఆర్మూర్ ఇంకా దూరం ఉండగానే వేడి ముల్లు పైకి లేచింది. డ్రైవర్ వెంటనే బండి పక్కకు ఆపాడు. చూస్తే నీళ్ల గొట్టం పగిలింది. ఇంట్లో తల్లి ఎదురుచూస్తోందని ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగి ఉంటే హెడ్ వంగిపోయి, ఇంజన్ మొత్తం విప్పాల్సి వచ్చేది. గొట్టం మార్చి, ఇంజన్ చల్లారాక కూలెంట్ పోసి బయలుదేరాం. ఫజర్‌కు ఊరు చేరాం. నిజానికి ఆ గొట్టం అంతకుముందే మార్చాల్సింది. తప్పు మాదే. అప్పటినుంచి రబ్బరు సామాను పగిలేదాకా ఆగడం లేదు.

కొత్త బండికి చందా ఇచ్చేవారు దొరుకుతారు. దాని మీద పేరు రాస్తాం, ఫొటో దిగుతాం. ఆయిల్ డబ్బాకు చందా ఇచ్చేవారే అరుదు. జకాత్ సొమ్మును మేము ఈ ఖర్చుకు ముట్టుకోం, అది హక్కుదారులది. సదఖా, విరాళాల నుంచే బండి నడవాలి. బండి లెక్క పుస్తకం ఆఫీసులోనే ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. కొత్తది కావాల్సిన రోజు వస్తే ఆ పుస్తకం మీ ముందుపెట్టి మేమే అడుగుతాం.